ఏ తేనె మేలు? షాపు సీసా, రోడ్డు మీద బకెట్, అడవి తేనె, పెట్టెల తేనె

అడవి తేనె అంటే చాలు మనోళ్ళు ఇంకేం అడక్కుండా కొనేస్తారు, నేచురల్ కదా, గిరిజనులకి నాలుగు డబ్బులొస్తాయి కదా అని. అదే పెట్టెల తేనె అంటే మాత్రం ‘అబ్బే, అది ఫారం కోడి లాంటిది’ అని మూతి తిప్పుతారు. నాకైతే ఈ లెక్క సగమే కరెక్ట్ అనిపిస్తుంది. తేనె ఎక్కడిదని అందరం అడుగుతాం గానీ ఎలా తీశారు అని ఎవరూ అడగరు, ఈగలు బతికాయా చచ్చాయా అన్నది తేలేది అక్కడే.

ముందు సూపర్ మార్కెట్ సీసా సంగతి తేల్చేద్దాం. 2020 డిసెంబర్లో ఢిల్లీలో ఉండే సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్మెంట్ వాళ్ళు 13 బ్రాండ్ల తేనె టెస్ట్ చేయిస్తే కల్తీని పట్టే ఎన్ఎంఆర్ అనే అడ్వాన్స్‌డ్ ల్యాబ్ టెస్టులో 10 బ్రాండ్లు ఫెయిలయ్యాయి, కంపెనీలేమో మాది ప్యూరే అన్నాయి. ఇందులో కిటుకు ఏంటంటే చెరకు పాకమో మొక్కజొన్న సిరప్పో కలిపితే పాత టెస్టుల్లో దొరికిపోతుంది, బియ్యం సిరప్ కలిపితే దొరకదు. ల్యాబులకే అంత కష్టమైతే ఇంక మనింట్లో నీళ్ళలో చుక్క వెయ్యడం, అగ్గిపుల్ల ముంచి గీయడం, కుక్క నాకుతుందో లేదో చూడటం ఇవన్నీ టైంపాస్ అంతే. ఒకటి కొంటే ఒకటి ఫ్రీ అని తేనె అమ్ముతున్నారంటే ఈగలు కూడా డిస్కౌంట్ ఇచ్చాయా అని నాకు డౌటు. సీసాలో ఉన్నది మొత్తం తేనేనో కాదో తెలీనప్పుడు ఎథిక్స్ దాకా వెళ్ళడం ఎందుకు, దీన్ని పక్కన పెట్టేస్తున్నా.

ఇక రోడ్డు పక్కన బకెట్లో తుట్టెతో సహా పెట్టుకుని కూర్చునేవాళ్ళ దగ్గర కొనేది. కళ్ళ ముందే పిండి ఇస్తారు కాబట్టి ఒరిజినల్ అని నమ్మకం. కొన్ని చోట్ల అది బెల్లం పాకంలో వేసిన తుట్టె ముక్క, అది మోసం, వదిలేద్దాం. నిజమైన తేనే అయినా చాలాసార్లు పట్టు మొత్తం కోసేసి తెచ్చిందే. మంట పెట్టి ఈగల్ని కాల్చి లాగేస్తారు, తుట్టెలో తెల్లగా పురుగుల్లా ఉండేవి ఈగల పిల్లలు, వాటితో సహా పిండేస్తారు. పాపం వాళ్ళూ పొట్టకూటికే చేస్తారనుకోండి, పిలిపించేది మన అపార్ట్‌మెంట్ల వాళ్ళే కదా, వాటర్ ట్యాంకు కింద పట్టు పెడితే చాలు వీళ్ళకో పెస్ట్ కంట్రోల్‌కో ఫోన్. అలా పెద్ద పట్టు పెట్టే కొండ తేనెటీగలు ఎటూ పర్మనెంట్‌గా ఉండవు, సీజన్ అయ్యాక వాటంతట అవే లేచి వెళ్ళిపోతాయి, మరీ పిల్లలు తిరిగే చోట కాకపోతే కొన్నాళ్ళు ఓపిక పడితే సరిపోతుంది.

అడవి తేనెలో ఎక్కువ భాగం వచ్చేది కూడా ఈ కొండ తేనెటీగల దగ్గర్నుంచే. వీటిని పెట్టెలో పెంచడం కుదరదు, ఆరుబయట పెద్ద చెట్టు కొమ్మకో కొండ చరియకో ఒక్కటే పెద్ద పట్టు వేలాడదీస్తాయి. ఆ పట్టులో తేనె అంతా పైభాగంలో కొమ్మకి ఆనుకుని ఒక పక్కన ఉంటుంది, గుడ్లూ పిల్లలూ కింద ఉంటాయి. కథంతా ఇక్కడే ఉంది. పొగ పెట్టి ఈగల్ని జరిపి ఆ తేనె ఉన్న భాగం వరకే కోసుకుంటే మిగిలిన పట్టులో పిల్లలు బతుకుతాయి, ఈగలు మళ్ళీ కట్టుకుంటాయి, కొన్నాళ్ళాగి ఇంకోసారి కూడా తీసుకోవచ్చు. మొత్తం కోస్తే ఆ గుంపు సంతానం అంతా పోయినట్టే. ఏటా అవే చెట్లకి తిరిగొచ్చే జాతి ఇది, ఒక్కో చెట్టుకి బోలెడు పట్లు ఉంటాయి, వరసగా నాలుగేళ్ళు మొత్తం కోసేస్తే ఆ చెట్టుకి వచ్చేదేముంటుంది?

నల్లమలలో చెంచులకి ఇది తరాల నుంచి వచ్చిన పని. కొండ చరియ మీద నుంచి తాడు పట్టుకుని దిగి తేనె కోస్తారు, పైన తాడు పట్టుకునేది బావమరిదే అయ్యుండాలంటారు, చెల్లెలి పసుపు కుంకుమల మీద వాడికున్నంత శ్రద్ధ ఇంకెవరికుంటుంది మరి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం తేనె లాంటి చిన్న అటవీ ఉత్పత్తులు సేకరించుకుని అమ్ముకోవడం వాళ్ళ హక్కు. విశాఖలో కోవెల్ ఫౌండేషన్ లాంటి సంస్థలు తేనె భాగం వరకే కొయ్యడం, పిండకుండా కారనివ్వడం, శుభ్రమైన డబ్బాల్లో పట్టడం నేర్పిస్తున్నాయి. 1956లో మొదలైన గిరిజన కోఆపరేటివ్ కార్పొరేషన్, అదే మన జీసీసీ, వాళ్ళ దగ్గర కొని అమ్ముతుంది, ఇప్పుడు రెండు రాష్ట్రాలకీ వేర్వేరుగా ఉంది. చెట్టు ఉంటేనే తేనె కాబట్టి తేనె మీద బతికేవాడు చెట్టు నరకనివ్వడు, అడవి తేనెకి ఇది పెద్ద ప్లస్.

మైనస్ కూడా మన వల్లే. సిటీలో డిమాండ్ పెరిగేకొద్దీ ‘నేను కొయ్యకపోతే ఇంకోడు కోస్తాడు’ అనే పోటీ మొదలవుతుంది, దాంతో ఈగలు ఇంకా మైనంతో మూత పెట్టని పచ్చి తేనె కూడా కోసేస్తారు. అందులో నీటి శాతం ఎక్కువ, రూల్ ప్రకారం 20 శాతం దాటకూడదు, దాటితే సీసాలో నురగొచ్చి పులుస్తుంది. పైగా ఆ అడవిలో ఎలుగుబంట్లకీ తేనె గద్దలకీ కూడా ఆ పట్లలో వాటా ఉంది, మనం రోజూ పొద్దున్నే నిమ్మరసంలో కలుపుకుని ఒళ్ళు తగ్గడానికి అంత దూరం నుంచి తెప్పించుకోవాలా అనిపిస్తుంది.

పెట్టెల తేనెలో రెండు రకాల ఈగలు ఉంటాయి, ఇది చాలామందికి తెలీదు. ఒకటి మన నేటివ్ పుట్ట తేనెటీగ, పెట్టెకి కొద్దిగానే ఇస్తుంది. రెండోది 1960ల్లో పంజాబ్, హిమాచల్ వైపు స్థిరపడ్డ యూరప్ ఈగ, దీనికి దిగుబడి చాలా ఎక్కువ. 1990ల మొదట్లో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ వచ్చి దక్షిణాదిలో మన ఈగలు పెట్టెలకి పెట్టెలే ఖాళీ అయిపోయాయి, అప్పట్నుంచి చాలామంది యూరప్ ఈగకే మారారు. తీసే పద్ధతిలో మాత్రం పెట్టెలదే పైచెయ్యి, ఫ్రేము బయటికి తీసి మిషన్లో గిర్రున తిప్పితే తేనె కారిపోతుంది, ఖాళీ పట్టు మళ్ళీ ఈగలకే ఇచ్చేస్తారు, పిల్లల జోలికి పోరు. పొద్దుతిరుగుడు చేలో పెడితే గింజ బాగా కడుతుంది, రైతుకీ లాభమే.

మరి లోపాల్లేవా అంటే ఉన్నాయి. పూలు లేని రోజుల్లో చక్కెర నీళ్ళు పెడతారు, అది ఈగల ప్రాణం నిలబెట్టడానికి తప్పదు గానీ ఆ టైంలో తేనె తీసి అమ్మితే మాత్రం మనం తాగేది చక్కెరే. మందులు కొట్టే చేల పక్కన పెడితే ఇంకో గొడవ. వందల కొద్దీ యూరప్ ఈగల పెట్టెలు తెచ్చి అడవి అంచున దించితే అక్కడి ఈగలకి పూలూ మిగలవు, రోగాలు అంటుకునే ప్రమాదమూ ఉంది. అందుకే పొలాల్లో, తోటల్లో పెట్టే చిన్న పెంపకందారు అయితే నాకు ఓకే, అరకు వైపు వలిసె పూల మధ్య మన ఈగల పెట్టెలు పెట్టేవాళ్ళయితే ఇంకా ఓకే.

సో నా ఓటు, రోజువారీ వాడకానికి దగ్గరి పెంపకందారు పెట్టె తేనె. అడవి తేనె ఏడాదికి ఒకట్రెండు సీసాలు, జీసీసీ షాపులోనో గిరిజన సంఘాల దగ్గరో. బకెట్ తేనె వద్దే వద్దు. అసలు ఈగల కష్టం మనకెందుకు అనేవాళ్ళు తాటిబెల్లం వాడుకోవచ్చు, ఆ మాటా తప్పని నేననను, కాకపోతే చెరకు బెల్లం కొంటే తళతళలాడే పసుపు రంగుది మాత్రం వద్దు, రంగు తేలడానికి హైడ్రోస్ అనే కెమికల్ వేసి ఉండొచ్చు.

కొనేటప్పుడు ఏ నెలలో తీశారు, ఏ పూలది, పిండారా తిప్పారా అని అడగండి, నిజంగా తీసినవాడైతే ఆపకుండా చెప్తాడు. ఏడాది నిండని పిల్లలకి ఏ తేనే నాకించొద్దు, బాటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రిస్కు. పొద్దుతిరుగుడు తేనె త్వరగా గడ్డకడుతుంది, చక్కెర కలిపారని పారబోయకండి, గోరువెచ్చటి నీళ్ళలో సీసా కాసేపు ఉంచితే కరుగుతుంది, స్టవ్ మీద పెట్టొద్దు.