ట్రిగ్గర్ తూకం చెదరకుండా: బెజవాడ నుంచి హైదరాబాద్, భోపాల్, ఢిల్లీ రేంజ్‌లకు

పది మీటర్ల ఎయిర్ పిస్టల్ పోటీలో ట్రిగ్గర్ తూకం, అంటే గుండు వదలడానికి ట్రిగ్గర్ మీద పడాల్సిన బరువు, 500 గ్రాములకు తగ్గకూడదు. ఇంట్లో సరిగ్గా 500 దగ్గర ఆపుకున్న ట్రిగ్గర్, రాత్రంతా రైల్లో కుదిపి తీసుకెళ్లాక, పోటీలో పరికరాలు తనిఖీ చేసే ఎక్విప్‌మెంట్ కంట్రోల్ బల్ల దగ్గర 495 అయి కూర్చుంటుంది. కాబట్టి బయటి ఊళ్లలో ఆడేవాళ్లకు మంచి ట్రిగ్గర్ అంటే అన్నిటికన్నా మెత్తనిది కాదు, ప్రయాణం తట్టుకునేది. 520 నుంచి 530 మధ్య పెట్టుకుంటే నిద్ర పడుతుంది.

తూకం మారడానికి కారణాలు మామూలువే. కుదుపుకి సర్దుబాటు స్క్రూ వదులవుతుంది. ఇంట్లో ట్రిగ్గర్ బ్లేడు పైభాగాన బరువు వేలాడదీసి, ఇంకా ఎక్కువే మోస్తుందనుకుంటాం. బల్ల దగ్గర మధ్యలో వేలాడదీస్తారు. బ్లేడు పైన ఇరుసు ఉన్న పిస్టల్లో బరువు కిందికి జరిగే కొద్దీ ట్రిగ్గర్ తేలిగ్గా తెగుతుంది, అంటే పేలుతుంది. సిలిండర్లో గాలి లేకుండా చూసిన తూకం కూడా లెక్కలోకి రాదు, రూలు ప్రకారం గాలి నింపి, కాక్ చేసే (పేల్చడానికి సిద్ధం చేసే) చూస్తారు. ట్రిగ్గర్ తెగకుండా బరువు లేపడానికి మూడు ప్రయత్నాలు ఇస్తారు. మ్యాచ్ అయ్యాక కూడా కొందరిని పిలిచి చూస్తారు, అక్కడ తప్పితే డిస్‌క్వాలిఫై. స్ప్రింగు కాటాను నమ్మకండి, అసలు 500 గ్రాముల బరువే ఒకటి కిట్‌లో ఉండాలి.

మూడు ఊళ్లలో సులువైనది హైదరాబాదే. రేంజ్ గచ్చిబౌలి వైపు, హైదరాబాద్ విశ్వవిద్యాలయం ప్రాంగణంలో ఉంది. విజయవాడ నుంచి బస్సెక్కితే ఎల్బీ నగర్లో దిగి మెట్రోలో అమీర్‌పేట, అక్కడ మారి రాయదుర్గం, ఆపైన ఆటో. పిస్టల్ పెట్టె, బట్టల సంచి మోసుకుంటూ ఇన్ని మార్పులు చిరాకు. విజయవాడ మీదుగా లింగంపల్లి దాకా వెళ్లే గౌతమి ఎక్స్‌ప్రెస్ నయం, రేంజ్‌కి లింగంపల్లి దగ్గర. గుంటూరు వాళ్లకి నడికుడి మార్గంలో లింగంపల్లి దాకా వెళ్లే నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్ ఉంది. గది లింగంపల్లిలోనో కొండాపూర్లోనో తీసుకోండి. ఖాళీ గోడ ఒకటి, దాని ముందు నిలబడి చెయ్యి చాపేంత జాగా ఉంటే చాలు, రాత్రి డ్రై ఫైర్‌కి (గుండు లేకుండా ట్రిగ్గర్ నొక్కే సాధనకి) అదే రేంజ్. ఏసీ గదిలో చల్లబడ్డ పిస్టల్ని పొద్దున్నే ఉక్కలోకి తెచ్చి పెట్టె తెరిస్తే ఇనుము మీద చెమ్మ పడుతుంది. సియర్ (ట్రిగ్గర్ నొక్కేదాకా పట్టి ఉంచే కొక్కెం) దగ్గర చేరిన చెమ్మ నాలుగు రోజులకి తుప్పై ట్రిగ్గర్‌ని గరుకు చేస్తుంది. పెట్టె మూసే ఉంచి అరగంట బయట వదిలెయ్యాలి.

భోపాల్, ఢిల్లీ రెండూ విజయవాడ నుంచి ఒకే గ్రాండ్ ట్రంక్ లైన్లో ఉన్నాయి. ఏపీ ఎక్స్‌ప్రెస్, తమిళనాడు ఎక్స్‌ప్రెస్ రెండు చోట్లా ఆగుతాయి. భోపాల్లో షూటింగ్ అకాడమీ ఊరి బయట, బిషన్‌ఖేడి వైపు. స్టేషన్ దగ్గర లాడ్జీలు చవకే గానీ రోజూ అంత దూరం తిరగాలి. న్యూ మార్కెట్ వైపు గది తీసుకుని, ఆటో రానూపోనూ ముందే మాట్లాడుకోవడం మేలు. ఢిల్లీలో తుగ్లకాబాద్ దగ్గరి డాక్టర్ కర్ణి సింగ్ రేంజ్‌కి వయొలెట్ లైన్ మెట్రోలో వెళ్లి ఆటో ఎక్కొచ్చు. 1982 ఏషియన్ గేమ్స్‌కి కట్టి, 2010 కామన్‌వెల్త్‌కి తిరిగి కట్టిన రేంజ్ అది, సదుపాయాలకు వంక పెట్టలేం. అక్కడ చిక్కంతా డిసెంబరు చలితోనే.

చలిలో రెండు జరుగుతాయి. ట్రిగ్గర్ లోపలి గ్రీజు బిగుసుకుంటుంది, వేలి కొసకి స్పర్శ తగ్గుతుంది. ట్రిగ్గర్ తేలిగ్గా జరిగే దూరం మొదటి దశ, అది ఆగి గట్టిగా తగిలే చోటు ‘వాల్’, అక్కడి నుంచి తెగేదాకా రెండో దశ. మొదటి దశకి 400, రెండో దశకి 100 గ్రాములు పెట్టుకున్నవాళ్లకి బెజవాడలో హాయిగా ఉంటుంది. ఢిల్లీలో మాత్రం వేలికి ‘వాల్’ తెలియకముందే గుండు వెళ్లిపోతుంది. ఎక్కడికైనా పట్టుకెళ్లాలనుకుంటే 350, 170 మంచి పంపకం. వాల్ స్పష్టంగా తగులుతుంది, మొత్తం 520 అవుతుంది. కొందరికి 300, 220 ఇష్టం, అదీ తప్పు కాదు గానీ చెయ్యి వణికేవాళ్లకి ఆఖర్లో లాగేసే అలవాటు పట్టుకుంటుంది. వాల్ తర్వాత జరుగుడు లేకుండా తెగాలి. తెగాక బ్లేడు వెనక్కి పోకుండా ట్రిగ్గర్ స్టాప్ దగ్గరగా బిగించుకోవాలి, కానీ మరీ ఆనిస్తే చలికి ట్రిగ్గర్ తెగకుండా మొరాయిస్తుంది. పావు చుట్టు వదులు ఉండాలి. గ్రీజు బదులు పలచటి నూనె, అదీ సూది మొనంత.

పాతిక మీటర్ల పిస్టల్ వేరే లోకం. అక్కడ కనీసం 1000 గ్రాములు. ర్యాపిడ్ దశలో టార్గెట్ కనిపించేది మూడే సెకన్లు కాబట్టి వాల్ కన్నా సాఫీగా దొర్లే ట్రిగ్గర్ని ఇష్టపడేవాళ్లూ ఉన్నారు. అందులో వాడే పాయింట్ ట్వంటీటూ (.22) పిస్టల్‌కి లైసెన్సు కావాలి. 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ పిస్టల్ గుండు శక్తి 20 జౌల్స్ లోపే కాబట్టి దానికి అక్కర్లేదు. అయినా బిల్లు, అసోసియేషన్ కార్డు, మ్యాచ్ ఎంట్రీ కాగితం పెట్టెలోనే ఉంచండి, స్టేషన్లో ఆపి అడిగితే వాదన తప్పుతుంది.

గన్నవరం నుంచి విమానంలో వెళ్తే పిస్టల్ క్యాబిన్లోకి రానివ్వరు. కౌంటర్లో చెప్పి చెక్-ఇన్‌లో వెయ్యాలి, సిలిండర్ ఊడదీసి ఖాళీ చెయ్యాలి. దిగాక రేంజ్‌లో నింపేటప్పుడు తొందరపడితే సిలిండర్ వేడెక్కి 200 బార్ చూపిస్తుంది, చల్లారాక ముల్లు కిందికి దిగుతుంది. సిలిండర్ నింపే అడాప్టర్ మీదే పట్టుకెళ్లండి. సిలిండర్ మీద తయారీ తేదీ చూసుకోండి, పదేళ్లు దాటినది బల్ల దగ్గర ఆగిపోతుంది. ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ అయితే కొత్త బ్యాటరీ రెండు. స్క్రూలకి రంగు చుక్క పెట్టుకుంటే కదిలిందో లేదో చూపుతోనే తెలుస్తుంది. మ్యాచ్ ముందు రోజు సాయంత్రానికి చేరి, తూకం చూసుకుని, అవసరమైతే అలెన్ కీతో పావు చుట్టు తిప్పి, మళ్లీ యాభై డ్రై ఫైర్లు చేశాక ఇంకోసారి తూచాలి.