పది వేల డాలర్లలో సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కూపే: ఎఫ్ఆర్-ఎస్, 350జెడ్, ఆర్‌ఎక్స్-8లో ఏది మేలు?

మా చిన్నాన్న కొడుకు ఖమ్మం నుంచి వచ్చి డాలస్‌లో ఎంఎస్ చేశాడు. ఉద్యోగంలో చేరి మూడేళ్లయింది. చదువు లోను తీరిన నెలలోనే ఫోన్ చేశాడు. "అన్నా, చేతిలో పది వేల డాలర్లున్నాయి. మాన్యువల్ గేర్లుండాలి, రియర్ వీల్ డ్రైవ్ కావాలి, చూడ్డానికి స్పోర్ట్స్ కారులా ఉండాలి. ఏది కొనమంటావ్?" అని. అప్పటికే మూడు బండ్లు మనసులో పెట్టుకున్నాడు: 2013 సయాన్ ఎఫ్ఆర్-ఎస్, 2007 నిస్సాన్ 350జెడ్, 2009 మాజ్డా ఆర్‌ఎక్స్-8. రెండు నెలలు శనివారాలన్నీ ఇదే పని మీద తిరిగాం.

ఊళ్లో ఉన్నప్పుడు వెనక చక్రాలతో నడిచే బండి అంటే మాకు అంబాసిడర్, ఇన్నోవా, మారుతీ ఓమ్ని. వాటిని అందుకోసం ఎవరూ కొనలేదు. ఇక్కడ మాత్రం దానికోసమే వెతుక్కుని కొంటారు. ముందు చక్రాలు దారి చూసుకుంటాయి, వెనక చక్రాలు తోస్తాయి. మలుపులో స్టీరింగ్ తిప్పినప్పుడు ఆ తేడా చేతికి తెలుస్తుంది. ఒకసారి అలవాటైతే మామూలు కారు చప్పగా అనిపిస్తుంది. ఆ సరదా నాకూ ఉంది కాబట్టి వాణ్ణి వద్దని అనలేదు.

బండ్ల కన్నా ముందు డబ్బు సంగతి. చేతిలో 10,000 ఉంటే బండి ధర 8,000 దాటకూడదు. ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నది. నా మొదటి కూపేకి అకౌంట్‌లో ఉన్నదంతా ఊడ్చి ఇచ్చాను. మూడో వారంలో క్లచ్ పోయింది. రిపేరుకి డబ్బులు లేక రెండు నెలలు బండి అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో దుమ్ము కొట్టుకుపోయింది, నేను రూమ్మేట్ కారులో ఆఫీసుకి వెళ్లాను. అందులో బండి తప్పేం లేదు, క్లచ్ అరిగే వయసు వచ్చింది, అంతే. లెక్క వేసుకోనిది నేను. టెక్సస్‌లో అయితే 6.25 శాతం సేల్స్ టాక్స్ కూడా ఉంటుంది. మనిషి దగ్గర నేరుగా కొంటే, కౌంటీ ఆఫీసులో ఆ బండికి మార్కెట్ విలువ ఎంతో చూసి, మీరు కొన్న ధర, ఆ విలువలో 80 శాతం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీద టాక్స్ వేస్తారు. చవగ్గా దొరికిందని సంబరపడేలోపు అక్కడ ఇంకో వంద కట్టాల్సి రావచ్చు. ఇన్సూరెన్స్ కొటేషన్ కూడా బండి చూడ్డానికి వెళ్లేముందే తీసుకోండి. పాతికేళ్ల లోపు వయసైతే ఆ నెలవారీ అంకె చూసి ఆగిపోయినవాళ్లు నాకు తెలుసు.

ఇక ఎఫ్ఆర్-ఎస్. టయోటా, సుబారు కలిసి తయారు చేసిన బండి ఇది. సుబారు బీఆర్‌జెడ్ దీనికి కవల. రెండూ జపాన్‌లో సుబారు వాళ్ల గున్మా ఫ్యాక్టరీలోనే తయారయ్యాయి. 2016లో సయాన్ బ్రాండ్‌ని మూసేశాక ఇదే బండి టయోటా 86 అయింది. కాబట్టి ఒక పేరుతో వెతికి ఆగిపోకండి. 2 లీటర్ల బాక్సర్ ఇంజిన్ (పిస్టన్లు నిలువుగా కాకుండా అటూ ఇటూ పడుకుని ఉంటాయి), 200 హార్స్‌పవర్. మూడింటిలో ఇదే తక్కువ. 3,500 ఆర్‌పీఎం దాటాక కాసేపు పికప్ మందగించినట్టు ఉంటుంది, హైవే ఎక్కేటప్పుడు అది తెలుస్తుంది. కానీ బరువు 1,250 కిలోల చుట్టుపక్కలే. తక్కువ బరువు వల్ల టైర్లు, బ్రేకులు ఎక్కువ కాలం వస్తాయి, పెట్రోలు తక్కువ తాగుతుంది. మాన్యువల్ బండికి అధికారిక మైలేజీ సిటీలో గ్యాలన్‌కి 22, హైవే మీద 30. వెనక సీట్లో పెద్దవాళ్లు కూర్చోలేరు. ఆ సీటు మడిస్తే మాత్రం నాలుగు టైర్లు పడతాయి, ఇండియా నుంచి వచ్చినవాళ్ల పెద్ద సూట్‌కేసు కూడా పడుతుంది, మేం పెట్టి చూశాం.

దీంట్లో ఒక్కటి జాగ్రత్త. 2018 నవంబరులో 2013 మోడల్ ఎఫ్ఆర్-ఎస్, బీఆర్‌జెడ్‌లకు వాల్వ్ స్ప్రింగుల రీకాల్ వచ్చింది, అంటే లోపమున్న ఆ భాగాన్ని కంపెనీయే పిలిచి ఉచితంగా మార్చింది. ఆ పని చేయాలంటే ఇంజిన్‌ని బయటికి తీసి విప్పాలి. విప్పి మళ్లీ మూసేటప్పుడు సీలెంట్ ఎక్కువ పూస్తే, ఆ ముక్కలు ఆయిల్ పాన్‌లోకి జారి, ఆయిల్ పీల్చే జాలీకి అడ్డం పడతాయి. రీకాల్ పని అయ్యాక ఇంజిన్ పోయిందని చాలామంది యజమానులు ఫిర్యాదు చేశారు. అందుకే ఈ బండి చూసేటప్పుడు అడగాల్సింది "రీకాల్ అయిందా?" అని మాత్రమే కాదు, "అయ్యాక ఎన్ని మైళ్లు తిరిగింది?" అని కూడా. పని అయ్యాక ముప్పై వేల మైళ్లు ఇబ్బంది లేకుండా తిరిగిన బండి, నిన్న గాక మొన్న పని అయిన బండి కన్నా నాకు నమ్మకం. విన్ నంబరు (ప్రతి బండికీ విడిగా ఉండే గుర్తింపు నంబరు) కొడితే రీకాల్ పెండింగ్‌లో ఉందో లేదో ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ వెబ్‌సైట్‌లో ఉచితంగా కనిపిస్తుంది.

350జెడ్ సంగతి వేరు. ఎక్కి కూర్చోగానే గుండె లాగేస్తుంది. 2003లో వచ్చినప్పుడు 287 హార్స్‌పవర్, 2007, 2008 మోడళ్లకు 306. 3.5 లీటర్ల వీ6 కాబట్టి ఏ గేరులో తొక్కినా ముందుకు ఉరుకుతుంది. దీనితో పోలిస్తే ఎఫ్ఆర్-ఎస్ ఆయాసపడుతున్నట్టు ఉంటుంది. కానీ ఏ ఏడాది మోడల్ అన్నది ఇక్కడ చాలా ముఖ్యం. 2006 మాన్యువల్ బండ్లలో ఉన్న ఇంజిన్‌కి ఆయిల్ తాగుతుందన్న పేరు ఉంది. 2007, 2008లో హెచ్ఆర్ ఇంజిన్ వచ్చింది. ఆ బండిని దూరం నుంచే గుర్తుపట్టవచ్చు, హుడ్ మధ్యలో ఉబ్బు ఉంటుంది. ఇంజిన్ బావుంటుంది కానీ, టైమింగ్ కవర్ వెనక ఆయిల్ దారికి వేసిన పేపర్ గాస్కెట్ (ఆయిల్ కారకుండా రెండు భాగాల మధ్య పెట్టే పొర) కాలం గడిచాక చిరిగిపోయి ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది. గాస్కెట్ ఖరీదెంతో లేదు, దాన్ని చేరడానికే ఇంజిన్ ముందు భాగమంతా విప్పాలి. కూలీయే వేలల్లోకి వెళ్తుంది. వేడెక్కాక, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆయిల్ ప్రెషర్ ముల్లు ఎక్కడుందో చూడండి. బాగా కిందికి వాలి ఉంటే ఆ బండి వదిలేయండి.

ఇందులో సీట్లు రెండే. వెనక సామాన్ల చోటుకి అడ్డంగా ఒక లావుపాటి కడ్డీ ఉంటుంది. బండి వంగకుండా బిగువుగా ఉండటానికి వేసింది అది. ఇరవై పౌండ్ల బియ్యం బస్తా దాని మీదుగా ఎత్తి పెట్టాలి. పెళ్లి కుదిరే వయసులో ఉన్న మా తమ్ముడితో ఈ మాట కాస్త నొక్కి చెప్పాను. ఇంకో విషయం, ఈ బండ్లు చాలా చేతులు మారాయి. మేం చూసిన ఐదింటిలో మార్పులు చేయనిది ఒక్కటే. మిగతా నాలుగింటికి సైలెన్సరు మార్చారు, సస్పెన్షన్ కిందికి దించారు. పాత యజమాని ఎలా తోలాడో ఆ మార్పులే చెబుతాయి.

ఆర్‌ఎక్స్-8 గురించి రాయాలంటే నాకు మనసు మెత్తబడుతుంది. దీని ఇంజిన్‌లో పిస్టన్లే ఉండవు. త్రికోణంలా ఉండే రెండు రోటర్లు గిర్రున తిరుగుతాయి. రోటరీ ఇంజిన్‌తోనే మాజ్డా 1991లో లెమాన్స్ 24 గంటల రేసు గెలిచింది. ఆర్‌ఎక్స్-8 ఇంజిన్‌కి 2003లో ఇంటర్నేషనల్ ఇంజిన్ ఆఫ్ ది ఇయర్ బహుమతి వచ్చింది. మాన్యువల్ బండి 9,000 ఆర్‌పీఎం దాకా వెళ్తుంది, ఎక్కడా వణుకు లేదు, కుట్టు మిషన్ మోటారులా సాఫీగా పోతుంది. పైగా వెనక సీట్లకు వేరే తలుపులుంటాయి, బీరువా తలుపుల్లా వెనక్కి తెరుచుకుంటాయి. మూడింటిలో నలుగురు పెద్దవాళ్లు నిజంగా కూర్చోగలిగింది ఇదొక్కటే. ధర కూడా అన్నిటికన్నా తక్కువ.

ఆ తక్కువ ధరకి కారణం ఉంది. రోటర్ మూడు కొనల దగ్గర సన్నటి సీళ్లుంటాయి. అవి అరిగితే కంప్రెషన్, అంటే గాలీ పెట్రోలూ బిగించి నొక్కే శక్తి, పోతుంది, అప్పుడు ఇంజిన్ తీసి కొత్తగా కట్టించాల్సిందే. ఆ ఖర్చు ఒక్కోసారి బండి ధరకే సమానం. 2004 నుంచి 2008 దాకా వచ్చిన బండ్ల ఇంజిన్‌కి కంపెనీ వారంటీని ఎనిమిదేళ్లు లేదా లక్ష మైళ్లకు పెంచింది. ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. 2009 నుంచి ఇంజిన్‌కి ఆయిల్ అందే ఏర్పాటు మెరుగుపరిచారు కాబట్టి ఆ మోడళ్లే కాస్త నయం. సీళ్లు తడిగా ఉండటానికి ఇంజిన్ కొంత ఆయిల్‌ని తానే కాల్చుకుంటుంది. కాబట్టి రెండుసార్లు పెట్రోలు కొట్టించుకునేలోపు ఒకసారి డిప్‌స్టిక్ చూడాలి. ఉదయం స్టార్ట్ చేసి, పార్కింగ్‌లో పది అడుగులు జరిపి ఆపేస్తే, ఇంజిన్ లోపల పెట్రోలు నిండిపోయి మళ్లీ స్టార్ట్ కాకపోవచ్చు. ఇవన్నీ ఇష్టంగా చేసేవాడి చేతిలో ఈ బండి బాగానే నడుస్తుంది. ఆఫీసుకి వెళ్లడానికి ఇదొక్కటే బండి అయినవాడికి మాత్రం నేను వద్దంటాను.

కొనేముందు కంప్రెషన్ చూపించుకోవాలంటే మామూలు గేజి పనికిరాదు. రోటర్‌కి మూడు గదులుంటాయి, మామూలు గేజి వాటిలో ఎక్కువున్న దాన్నే చూపిస్తుంది. రోటరీకి వేరే మీటరు ఉంటుంది, అది ఉన్న మెకానిక్‌నే వెతుక్కోవాలి. అంతకన్నా తేలికైన పరీక్ష ఒకటుంది. అరగంట తోలి, వేడి మీద ఆపి, పది నిమిషాలయ్యాక స్టార్ట్ చేయండి. కంప్రెషన్ తగ్గిన ఇంజిన్ వేడి మీద తొందరగా అందుకోదు. మేం ప్లేనోలో చూసిన బండి చల్లగా ఉన్నప్పుడు టక్కున స్టార్టయింది. టీ తాగి వచ్చి తాళం తిప్పితే ఎనిమిది సెకన్లు కీచుమంటూ తిరిగింది. మా వాడు నా మొహం చూశాడు. ఇద్దరం ఏమీ మాట్లాడుకోకుండానే అమ్మే ఆయనకి థాంక్స్ చెప్పి వచ్చేశాం.

వాడి లిస్టులో లేని బండి ఒకటి నేను కలిపాను: 2011 నుంచి 2014 దాకా వచ్చిన ఫోర్డ్ మస్టాంగ్ వీ6. 3.7 లీటర్లు, 305 హార్స్‌పవర్. పై మూడింటికీ ప్రీమియం పెట్రోలే పోయాలి, దీనికి రెగ్యులర్ చాలు. విడిభాగాలు ఏ వీధి చివర షాపులో అయినా దొరుకుతాయి. వెనక సస్పెన్షన్ పాతకాలపు ఒకే ఇరుసుది కాబట్టి గతుకుల మలుపులో తోక ఎగిరిపడుతుంది, స్టీరింగ్‌లో ఎఫ్ఆర్-ఎస్ సున్నితం లేదు. కానీ ఉన్నది ఒక్కటే బండి, నెలకి రిపేరు టెన్షన్ వద్దు అనుకునేవాళ్లకి దీన్ని మించింది ఈ బడ్జెట్‌లో నాకు కనిపించలేదు. హ్యుందాయ్ జెనెసిస్ కూపే కూడా చూశాం. ఇంజిన్‌లో మార్పులు చేయని బండి దొరక్క వదిలేశాం.

ఏ బండైనా సరే, వస్తున్నామని చెప్పేటప్పుడే "ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఉంచండి" అని అడగండి. వెళ్లగానే హుడ్ మీద చెయ్యి పెట్టండి. ఇర్వింగ్‌లో ఒకచోట పొద్దున ఏడింటికే హుడ్ వెచ్చగా ఉంది. చల్లటి ఇంజిన్ చేసే చప్పుడు మాకు వినిపించడం ఆయనకి ఇష్టం లేదన్నమాట. టైటిల్ (బండి యాజమాన్య పత్రం) మీద రీబిల్ట్ సాల్వేజ్, అంటే బాగా దెబ్బతిన్నాక మళ్లీ బాగుచేసిన బండి, అని ఉంటే ఎంత చవకైనా వద్దు, ఫుల్ కవరేజి ఇవ్వడానికి చాలా ఇన్సూరెన్స్ కంపెనీలు ముందుకు రావు. ఇక్కడ మామూలు కార్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్‌ని 2025 జనవరి నుంచి తీసేశారు, కాబట్టి బ్రేకులు, టైర్లు బాగున్నాయని చెప్పే కాగితం ఇప్పుడేదీ ఉండదు. మీరే మెకానిక్‌కి చూపించుకోవాలి. డాలస్, కాలిన్ లాంటి కౌంటీల్లో పొగ పరీక్ష మాత్రం ఉంది, చెక్ ఇంజిన్ లైటు వెలిగితే అందులో పాసవదు. అమ్మేముందు ఆ లైటుని చెరిపేసేవాళ్లుంటారు, కోడ్ రీడర్ (బండి కంప్యూటరుని చదివే చిన్న పరికరం) పెట్టి చూస్తే ఈమధ్యే చెరిపారని తెలిసిపోతుంది.

నా వరకు లెక్క ఇలా తేలింది. రోజూ తోలాలి, సరదా కూడా కావాలి అంటే రీకాల్ కాగితాలున్న, మార్పులు చేయని ఎఫ్ఆర్-ఎస్ గానీ బీఆర్‌జెడ్ గానీ. పవరే ముఖ్యం, ఒంటరిగా ఉంటున్నాను అంటే గాస్కెట్ మార్చిన రసీదు చూపించిన 2007, 2008 350జెడ్. రసీదు లేకపోతే ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి, ఒప్పుకోకపోతే వచ్చేయండి. ఇంట్లో ఇంకో బండి ఉండి, ఇంజిన్ అంటే ప్రేమ ఉంటే ఆర్‌ఎక్స్-8. ఇవేవీ కుదరకపోతే మస్టాంగ్. చేతిలో మొత్తం ఆరేడు వేలే ఉంటే ఈ ఏడాది కరోలాతో గడిపి వచ్చే ఏడాది చూడమని మా వాడికైనా చెప్పేవాణ్ణి.

చివరికి వాడు మెకిన్నీలో ఒక రిటైర్డ్ టీచరు దగ్గర ఎఫ్ఆర్-ఎస్ కొన్నాడు. ఆవిడ రసీదులన్నీ ఒక ప్లాస్టిక్ ఫోల్డరులో తారీఖు ప్రకారం పెట్టుకున్నారు. రీకాల్ పని 2019లో 71,000 మైళ్ల దగ్గర అయింది, మేం కొన్నప్పుడు బండి 1,18,000 దగ్గర ఉంది. 7,900కి బేరం కుదిరింది. టాక్సు, నాలుగు టైర్లు, గేరు ఆయిల్, బ్రేక్ ఆయిల్ పోను ఇంకా దాదాపు తొమ్మిది వందలు వాడి అకౌంట్‌లో ఉన్నాయి. ఆ డబ్బుని క్లచ్ డబ్బు అని పేరు పెట్టి విడిగా ఉంచాడు.