మతాల పాఠాల్లో పదాల పునశ్చరణకు ప్లికర్స్ కార్డులు: బాగా వాడాక నా అభిప్రాయం

నల్లగొండ దగ్గరి ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతాను. కరోనా తర్వాత బడులు తెరిచినప్పటి నుంచి నా సంచిలో ప్లికర్స్ అనే క్విజ్ యాప్ కార్డుల కట్ట ఒకటి ఉంటోంది. బౌద్ధం, జైనం, ఇస్లాం, క్రైస్తవం, సిక్కు మతం పాఠాలు పూర్తయ్యాక పదాలను మళ్లీ గుర్తు చేయించడానికి ఇంతకంటే మంచి ఆట నాకు దొరకలేదు.

పిల్లలకు ఫోన్లు అక్కర్లేదు, తలా ఒక కార్డు చాలు. దాని మీద నలుపు తెలుపు గడుల బొమ్మ, నాలుగు అంచుల్లో సన్నగా ఏ, బీ, సీ, డీ అక్షరాలు ఉంటాయి. తాము ఎంచుకున్న అక్షరం పైకి వచ్చేలా కార్డును తిప్పి ఎత్తి పట్టుకుంటారు. నేను ఫోనులో ఆ యాప్ తెరిచి కెమెరాను తరగతి ఈ మూల నుంచి ఆ మూలకు తిప్పితే ఎవరి జవాబు ఏమిటో నాకు కనిపిస్తుంది. ఏ ఇద్దరి బొమ్మా ఒకేలా ఉండదు కాబట్టి పక్కవాళ్లను చూసి తిప్పడం కుదరదు.

మతాల పాఠంలో ఈ చాటు చాలా అవసరం. జకాత్ (ఇస్లాంలో పేదలకు తప్పనిసరిగా ఇచ్చే దానం) అంటే ఏమిటని నోటితో అడిగితే తరగతి మొత్తం ఒకే ముస్లిం అమ్మాయి వైపు తిరుగుతుంది. చెప్పలేకపోతే ఆ పిల్ల తల దించుకుంటుంది. చెప్పగలిగితే, అది వాళ్ల ఇంటి సంగతి అన్నట్టు మిగతావాళ్లు వదిలేస్తారు. బాప్తిస్మం అన్నప్పుడూ ఇదే వరస. కార్డులు ఎత్తినప్పుడు మాత్రం జకాత్ అందరి పాఠమే అవుతుంది. నల్లగొండ లతీఫ్ సాహెబ్ గుట్ట దర్గాలో జరిగే ఉర్సు ఉత్సవం గురించి ఊళ్లో అందరికీ తెలిసినా, ఆ మాటకు అర్థం చెప్పాల్సి వస్తే అన్ని ఇళ్ల పిల్లలూ సమానంగా తడబడతారని నాకు ఈ కార్డులతోనే తెలిసింది.

ఒక ప్రశ్న చెబుతాను. సమ్యక్ దర్శనం, సమ్యక్ జ్ఞానం, సమ్యక్ చారిత్రం: వీటిని కలిపి ఏమంటారు? జవాబు జైనుల త్రిరత్నాలు. కానీ ఏటా చాలామంది అష్టాంగ మార్గం వైపే తిప్పుతారు. బుద్ధుడు చెప్పిన ఎనిమిదింటికీ ముందు సమ్యక్ ఉంటుంది కదా, ఆ మాట చూడగానే చెయ్యి అటు పోతుంది. సరైన జవాబు చెప్పకుండా, ఏ అక్షరానికి ఎందరో యాప్ చూపించే గ్రాఫు గీతలు మాత్రం చూపించి, పక్కవాళ్లతో మాట్లాడుకోమంటాను. 'మూడే ఉన్నాయి, ఎనిమిది ఎక్కడున్నాయి?' అని ఎవరో ఒకరు అంటారు. మళ్లీ స్కాన్ చేసేసరికి గీతలు మారిపోతాయి. ఆ వెంటనే బుద్ధుడు, ధర్మం, సంఘం అని అడుగుతాను. అవీ త్రిరత్నాలేనని తెలిసి తరగతి గోల గోల అవుతుంది. నాకు ఆ గోల ఎంతో ఇష్టం.

ప్రశ్నగా ఫొటో కూడా పెట్టవచ్చు. సూర్యాపేట జిల్లా ఫణిగిరి గుట్ట మీద స్తూపం, చైత్యగృహాలు (ప్రార్థన మందిరాలు), విహారాలు (భిక్షువుల నివాసాలు) అన్నీ ఒకే చోట ఉన్నాయి. భిక్షువుల గదుల వరుస చూపించి చైత్యమా, విహారమా అని అడిగితే, పుస్తకంలో బట్టీ పట్టినవాళ్లు కూడా ఆగి ఆలోచిస్తారు.

పిల్లలు ఫోన్లలో జవాబు నొక్కే కహూట్ అనే క్విజ్ ఆట కూడా వాడి చూశాను. అందులో సరైన జవాబుకు తోడు త్వరగా నొక్కినందుకు మార్కులు పెరుగుతాయి. అపరిగ్రహానికీ (ఆస్తి కూడబెట్టకపోవడం) అస్తేయానికీ (దొంగిలించకపోవడం) తేడా ఆలోచించే పిల్లను వెనక్కి నెట్టే ఆట ఈ పాఠాలకు తగదు. పైగా అన్ని ఫోన్లు మా పిల్లలకు ఎక్కడివి? పదాలతో హౌసీ ఆడిస్తే సందడి బాగుంటుంది, కానీ అందులో గెలిపించేది అదృష్టమే.

ఇక లోపాలు. మెరిసే లామినేషన్ చేయిస్తే కిటికీ వెలుతురు పడి కెమెరా చదవలేదు. మందమైన, మెరుపు లేని కాగితం మీద ముద్రించుకోవడమే మేలు. వేళ్లు బొమ్మ మీద పడినా అంతే. నెట్ లేని రోజు చాలా చికాకు. నేను వాడే ఉచిత ఖాతాలో ఒక సెట్టుకు ఐదు ప్రశ్నలే కుదురుతాయి, అయితే ఒక పీరియడ్‌కు అంతకంటే ఎక్కువ అవసరం రాలేదు.

అసలు లోటు వేరే ఉంది. నాలుగింటిలో ఒకటి గుర్తుపట్టిన పిల్లవాడు పరీక్షలో అదే పదానికి అర్థం రాయలేకపోతాడు. ఆ పని కార్డులు చేయలేవు. అందుకే ఆట ముగియగానే నోటు పుస్తకాలు తీయిస్తాను. ఆ రోజు ఎక్కువమంది తప్పిన పదం ఒక్కటే తీసుకుని, దాని గురించి సొంత మాటల్లో రెండు వాక్యాలు రాశాకే గంట కొట్టినా బయటికి వదులుతాను.