ఏసీటీహెచ్ చికిత్స: మూర్ఛ ఆగింది, గుండె సంగతి మేమే అడగాల్సి వచ్చింది

మా పాపకు ఆరో నెలలో ఇన్‌ఫంటైల్ స్పాజమ్స్ (పసిపిల్లల్లో వచ్చే ఒక రకం మూర్ఛ) అని తేలినప్పుడు ఏసీటీహెచ్ (అడ్రినల్ గ్రంథులను ప్రేరేపించే హార్మోను) ఇంజెక్షన్లు వేయించిన పిల్లల నరాల వైద్య విభాగం గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. నిద్ర లేవగానే తల వాల్చి, రెండు చేతులూ ఒక్కసారిగా చాచే ఆ ఉలికిపాట్లను ఫోన్‌లో తీసి చూపించిన రోజే ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష) చేసి, మర్నాడే మందు మొదలుపెట్టారు. ఆలస్యమైన కొద్దీ ఎదుగుదల దెబ్బతినే జబ్బు ఇది కనుక ఆ వేగాన్ని మెచ్చుకోవలసిందే. రెండో వారం ముగిసేసరికి ఉలికిపాట్లు ఆగిపోయాయి.

నా ఫిర్యాదంతా గుండె విషయంలోనే. ఏసీటీహెచ్ ప్రభావంతో మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోనును ఎక్కువగా విడుదల చేస్తాయి. దానివల్ల ఒంట్లో ఉప్పు, నీరు నిలిచి బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోవచ్చు, కొందరు పసిపిల్లల్లో గుండె కండరం, ముఖ్యంగా గుండె కింది గదులైన రెండు జఠరికల నడుమ ఉండే గోడ, మందమవుతుంది. మాకిచ్చిన కాగితంలో ముఖం ఉబ్బడం, ఆకలి, చిరాకు, ఇన్‌ఫెక్షన్లు అన్నీ ఉన్నాయి, గుండె అన్న మాట మాత్రం లేదు.

మొదటి వారమంతా బీపీ చూసిన పట్టీ పెద్ద పిల్లలది. పాప చేతికి చుడితే మోచేయి దాటి జారిపోయేది. పట్టీ మరీ పెద్దదైతే బీపీ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది, బిడ్డ ఏడుస్తుంటే ఎక్కువ చూపిస్తుంది. ఈ రెండు తప్పుల మధ్యే మా చార్టు నిండింది. చివరికి ఒక సీనియర్ నర్సు చిన్న పట్టీ వెతికి తెచ్చి, "పాపను లేపకండమ్మా, ఇప్పుడైతేనే సరిగ్గా తెలుస్తుంది" అని, పాలు తాగి నిద్రపోయిన బిడ్డకు చూస్తే గానీ బీపీ నిజంగా పెరిగిందని బయటపడలేదు. ఎకో (గుండె స్కాన్) తీయమని మేమే పట్టుబట్టాము. గోడ మందమైందని అందులో తేలింది.

అక్కడి నుంచి వైద్యం చక్కగా సాగింది. శరీరం సొంతంగా ఏసీటీహెచ్ హార్మోను తయారుచేసుకోవడం అప్పటికే మందగించి ఉంటుంది కాబట్టి ఏసీటీహెచ్‌ను ఉన్నపళంగా ఆపకుండా మోతాదు క్రమంగా తగ్గించారు, బీపీకి మందిచ్చారు. ఈ మందం సాధారణంగా చికిత్స ముగిశాక తగ్గిపోతుందని డాక్టరుగారు ఓపికగా వివరించారు. ఆ వివరణ మొదటి రోజే దక్కవలసింది. ట్యూబరస్ స్క్లెరోసిస్ (ఒంట్లో పలుచోట్ల గడ్డలు కలిగించే జన్యు జబ్బు) ఉన్న పిల్లల్లో గుండెలో గడ్డలు ఉండే అవకాశం ఉంది కనుక వారి తల్లిదండ్రులు మందుకు ముందే ఎకో గురించి అడగడం మంచిది. అలాంటి పిల్లలకు సాధారణంగా విగాబాట్రిన్ అనే మూర్ఛ మందునే ముందుగా ఎంచుకుంటారు, దానికి కంటిచూపు మీద నిఘా కావాలి.

కొన్ని నెలల తర్వాత తీసిన ఎకోలో గోడ మామూలు మందానికి వచ్చింది. ఐదుకు మూడున్నర నక్షత్రాలు ఇస్తున్నాను. తగ్గిన ఒకటిన్నర ఆ కాగితానికీ, ఆ జారిపోయే పట్టీకీ.