పచ్చడి సీసా మీద ఆర్ (®) గుర్తు: మొదటి రెన్యువల్ కట్టాక నా సమీక్ష

పొడులు, పచ్చళ్ళ వ్యాపారం మాది. తయారీ రాజమండ్రిలో. అమ్మకం మాత్రం ఎక్కువగా హైదరాబాద్, విశాఖ, బెంగళూరు వెళ్ళే పార్సిళ్ళ మీదే. బ్రాండు పేరు ఇక్కడ రాయను, రాస్తే ఇదంతా ప్రకటన అనుకుంటారు. ఆ పేరు మీద చట్టపరమైన హక్కు ఇచ్చే ట్రేడ్‌మార్క్ కోసం దరఖాస్తు వేసి పదేళ్ళు దాటింది, ఈమధ్యే మొదటి రెన్యువల్ కట్టాను. కొత్తగా వ్యాపారం పెట్టినవాళ్ళు "తీసుకుంటే ఏం ఒరుగుతుంది?" అని అడుగుతుంటారు. తీసుకోమనే చెప్తాను. అయితే సర్టిఫికెట్ చేతికొస్తే ఇక మన పేరు జోలికి ఎవరూ రారని ఆశపడితే నిరాశ తప్పదు. ఇన్నేళ్ళలో నన్ను ఎక్కువసార్లు గట్టెక్కించింది పాత బిల్లుల ఫైలు. ఆ ఫైలు చంకన పెట్టుకుని కోర్టు మెట్లెక్కే పని రాకుండా చూసింది సర్టిఫికెట్.

ముందు ఒక అపోహ. "కంపెనీ రిజిస్టర్ అయింది, జీఎస్టీ ఉంది, ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆహార భద్రత లైసెన్సు ఉంది, డొమైన్ కూడా కొన్నాం, ఇంకా ఎందుకండీ" అంటారు. వాటిలో ఏ ఒక్కటీ సరుకు మీద వేసుకునే పేరుకు హక్కు ఇవ్వదు. ఆ హక్కు 1999 నాటి ట్రేడ్‌మార్క్స్ చట్టం కింద విడిగా తెచ్చుకోవాల్సిందే.

సగం గెలుపోటములు దరఖాస్తు కన్నా ముందే, పేరు పెట్టేటప్పుడే తేలిపోతాయి. పేరులో గోదావరి ఉండాలని మా ఇంట్లో కొందరు, అమ్మ అన్న మాట ఉండాలని ఇంకొందరు, రుచి అని రావాల్సిందేనని మా మామగారు పట్టుబట్టారు. చట్టంలో 9వ సెక్షన్ చదివితే ఇవెందుకు తేలిక కాదో అర్థమవుతుంది. సరుకు గుణాన్నో, రకాన్నో, పుట్టిన చోటునో చెప్పే మాటలను ఒక్కరికే రాసివ్వడం కుదరదని దాని సారాంశం. ఊరి పేరుతో ప్రసిద్ధమైన సరుకుల దారి వేరు. బందరు లడ్డూకు, ఆత్రేయపురం పూతరేకులకు వచ్చింది భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ. అది ఆ ప్రాంతంలో తయారుచేసే వాళ్ళందరిదీ, ఏ ఒక్క షాపుదీ కాదు. చివరికి మా నాయనమ్మ పుట్టింటి ఊరి పేరులో రెండక్షరాలు, ఆవిడ పేరులో రెండక్షరాలు కలిపి ఎక్కడా అర్థం లేని ఒక మాట కట్టాం. మామగారికి ఇప్పటికీ నచ్చదు. కానీ ఈ పదేళ్ళూ ఆ పేరు నిలబడిందంటే కారణం అందులో అర్థం లేకపోవడమే.

సరుకులనూ సేవలనూ కలిపి 45 క్లాసులుగా విడగొట్టారు. 34 దాకా సరుకులు, ఆ పైన సేవలు. ఆవకాయ, మాగాయ లాంటి పచ్చళ్ళు 29లో పడతాయి. కారప్పొడులు, మసాలాలు 30లో. హోటల్ పెట్టేవాళ్ళకు 43. మేం 29, 30 తీసుకున్నాం. "ముందుజాగ్రత్తగా 35 (అమ్మకాలు, ప్రకటనల లాంటి సేవలు), 43 కూడా వేసేద్దాం" అని ఒక ఏజెంటు చాలా నచ్చజెప్పాడు. వాడని క్లాసుకు డబ్బు కట్టడం నాకు సమ్మతం కాలేదు. పైగా రిజిస్టర్ అయ్యాక వరసగా ఐదేళ్ళు వాడకపోతే, ఎవరైనా అడిగి దాన్ని తీయించేయొచ్చని 47వ సెక్షన్ చెబుతోంది. ఇప్పుడు ఆన్‌లైన్‌లో దరఖాస్తు ఫీజు వ్యక్తులకు, స్టార్టప్‌లకు, ఉద్యమ్ సర్టిఫికెట్ (చిన్న పరిశ్రమగా ప్రభుత్వ నమోదు) ఉన్న చిన్న సంస్థలకు క్లాసుకు 4,500 రూపాయలు. మిగతావాళ్ళకు 9,000. ఇది ప్రభుత్వానికి కట్టేది, ఏజెంటు ఫీజు దీనికి అదనం. బేరం ఆడండి, తగ్గుతుంది.

లోగో, పేరు కలిపి ఒకే బొమ్మగా వేయమని చాలామంది సలహా ఇస్తారు. ఒక్క దరఖాస్తుకే డబ్బుంటే ముందు ఉత్త పేరుకు వేయండి, ఫలానా రంగుల్లోనే అని పరిమితి పెట్టకండి. మా లేబుల్ డిజైన్ ఇప్పటికి పూర్తిగా మారిపోయింది, పేరు మీద హక్కు మాత్రం చెక్కుచెదరలేదు. లోగో గీయించుకుంటే గీసినవారి దగ్గర హక్కులు రాయించుకోవడం మరవొద్దు.

ఇక బిల్లుల ఫైలు సంగతి. దరఖాస్తులో "ఎప్పటి నుంచి వాడుతున్నారు" అనే గడి ఉంటుంది. ఇంకా వాడకం మొదలుకాలేదని రాయొచ్చు. ఫలానా తేదీ నుంచి వాడుతున్నామని రాస్తే మాత్రం అఫిడవిట్, దానికి రుజువులు జత చేయాలి. మొదటి లేబుళ్ళు అచ్చేసిన ప్రెస్సు బిల్లు, పేరు కనిపించేలా ఉన్న అమ్మకం బిల్లులు, ఎగ్జిబిషన్ స్టాలు రసీదు, పేపర్లో వేసిన చిన్న ప్రకటన... ఇవన్నీ మా ఆయన ఒక పాత బిస్కెట్ల డబ్బాలో పడేసి ఉంచారు. ఆ అలవాటును ఎన్నిసార్లు ఎగతాళి చేశానో! దరఖాస్తు పరిశీలించాక ట్రేడ్‌మార్క్ ఆఫీసు ఇచ్చిన పరీక్ష రిపోర్టులో, అదే 30వ క్లాసులో మా పేరుకు దగ్గరగా పలికే ఇంకో పేరు ఉందని 11వ సెక్షన్ కింద అభ్యంతరం వచ్చింది. స్టేటస్‌లో 'అబ్జెక్టెడ్' అని చూడగానే టెన్షన్ పడతాం కానీ, ఇది చాలా దరఖాస్తులకు వచ్చేదే. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ గడువు మాత్రం మరిచిపోకూడదు. మేం అవతలివాళ్ళ దరఖాస్తు కన్నా పాత తేదీ ఉన్న బిల్లులు పెట్టాం. అభ్యంతరం పోయింది.

అసలు యుద్ధం ఆ తర్వాత. ఆమోదించిన పేర్లను వారంవారం వచ్చే ట్రేడ్‌మార్క్స్ జర్నల్‌లో వేస్తారు. అప్పటి నుంచి నాలుగు నెలల దాకా ఎవరైనా వ్యతిరేకించవచ్చు. గడువు ముగియబోతుండగా వేరే రాష్ట్రపు టీ పొడి కంపెనీ ఒకటి మా మీద అపోజిషన్, అంటే ఆ వ్యతిరేకత, వేసింది. టీ పొడికీ కరివేపాకు కారానికీ ఏం సంబంధం అనుకుంటారేమో, రెండూ 30వ క్లాసులోనే ఉన్నాయి! ఆ నోటీసు అందిన రెండు నెలల్లో మన జవాబు, అంటే కౌంటర్ స్టేట్‌మెంట్ వేయకపోతే, దరఖాస్తు వదులుకున్నట్టే లెక్క. గడువు పెంచరు. పెద్ద కంపెనీలకు ఇదొక ఆయుధం, చిన్నవాళ్ళు ఖర్చుకు భయపడి వదిలేస్తారని వాళ్ళకు తెలుసు. మేం కౌంటర్ వేశాం. ఆ తర్వాత ఇద్దరి లాయర్లూ మాట్లాడుకుని, మా సరుకుల జాబితాలోంచి టీ, కాఫీ తీసేయించారు, వాళ్ళు అపోజిషన్ వెనక్కి తీసుకున్నారు. మేం ఎలాగూ టీ అమ్మం.

ఇలాంటి కథే పెద్ద స్థాయిలో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. బెంగళూరులో నందిని డీలక్స్ హోటళ్ళున్నాయి, ఆంధ్రా భోజనానికి పేరు. కర్ణాటక పాల సమాఖ్యది నందిని పాలు. 29, 30 క్లాసుల్లో హోటల్ వాళ్ళు పేరు రిజిస్టర్ చేయించుకోబోతే సమాఖ్య అడ్డుపడింది. 2018లో సుప్రీంకోర్టు హోటల్ వైపే తీర్పిచ్చింది, పాలు, పాల ఉత్పత్తులు మాత్రం మినహాయించింది. ఒక క్లాసులో కొన్ని సరుకులకు పేరు ఉన్నంత మాత్రాన ఆ క్లాసు మొత్తం ఒకరి గుత్తసొత్తు కాదని దీని అర్థం. అపోజిషన్ నోటీసు చూసి బెంబేలెత్తే వాళ్ళకు ఈ తీర్పే ముందు చెప్తాను.

జర్నల్‌లో పేరు పడ్డాక ఇంకో వింత. ప్రభుత్వ కాగితంలా కనిపించే ముద్రలతో, "మీ మార్కును అంతర్జాతీయ రిజిస్టర్‌లో చేర్చాం, ఇంత కట్టండి" అని ఉత్తరాలు వస్తాయి. కట్టకండి. ఫోన్లు కూడా వస్తాయి, కొన్నాళ్ళు ఆర్డర్ల కన్నా అవే ఎక్కువ.

సర్టిఫికెట్ వచ్చేదాకా సీసా మీద టీఎం (™) అని మాత్రమే వేయాలి. వచ్చాకే ఆర్ గుర్తు. ముందే వేసుకుంటే చట్టరీత్యా తప్పు, అయినా బజార్లో ఎన్ని సీసాల మీద చూడలేదు!

కాపాడుకోవడం గురించి చెప్పాలంటే, కాపలా మనదే. మన పేరును ఎవరు వాడుతున్నారో వెతికి పట్టుకోవాల్సింది మనమే. నేను అప్పుడప్పుడు ట్రేడ్‌మార్క్ ఆఫీసు వెబ్‌సైట్‌లోని ఉచిత పబ్లిక్ సెర్చ్‌లో మా పేరును, ఉచ్చారణ దగ్గరగా ఉన్నవాటిని వెతుకుతాను. పక్క జిల్లాలో ఒకతను ఒక్క అక్షరం మార్చి, అదే ఎరుపు పసుపు లేబుల్‌తో నల్లకారం అమ్మడం ఒక కస్టమర్ ఫొటో పంపితే తెలిసింది. ఫోన్ చేస్తే, "పేరు బాగుందక్కా, అందుకే పెట్టుకున్నా" అన్నాడు, ఏ సంకోచం లేకుండా. రిజిస్ట్రేషన్ నంబరుతో లాయర్ నోటీసు వెళ్ళాక లేబుల్ మార్చేశాడు. రిజిస్ట్రేషన్ లేకపోయినా పాసింగ్ ఆఫ్ (తన సరుకును మన సరుకుగా నమ్మించి అమ్మడం) కింద కేసు వేయొచ్చు, కానీ అప్పుడు మన పేరుకు బజార్లో గుర్తింపు ఉందని మొదటి నుంచీ నిరూపించుకోవాలి. నంబరు ఉంటే ఆ బరువు చాలా తగ్గుతుంది. ఆన్‌లైన్ అమ్మకాల సైట్లు కూడా నంబరు ఇస్తేనే నకిలీ పేజీలను త్వరగా తీశాయి.

పోలీసుల దారి అనుకున్నంత సులువు కాదు. డీఎస్పీ స్థాయి అధికారే సోదా చేసి సరుకు పట్టుకోవాలి, అంతకుముందు ట్రేడ్‌మార్క్స్ రిజిస్ట్రార్ అభిప్రాయం తీసుకోవాలి. చిన్న వ్యాపారికి సివిల్ దావాయే నయం. అందులోనూ ఒక వెసులుబాటు ఉంది. 134వ సెక్షన్ ప్రకారం మనం వ్యాపారం చేసే చోటే దావా వేయొచ్చు, అవతలివాడి ఊరు వెతుక్కుంటూ పోనక్కర్లేదు.

చూసీ చూడనట్టు ఊరుకోవడం మాత్రం ప్రమాదం. తెలిసి కూడా ఐదేళ్ళు మాట్లాడకపోతే, తర్వాత రిజిస్టర్ అయిన అవతలి మార్కును ఆపే హక్కు పోయే అవకాశం ఉంది. అమృతధార, లక్ష్మణధార అనే మందుల తగవులో 1962లో సుప్రీంకోర్టు రెండు పేర్లూ జనాన్ని పొరబాటు పడేసేంత దగ్గరగా ఉన్నాయనే చెప్పింది. అయినా అమృతధార వాళ్ళు ఏళ్ళ తరబడి తెలిసి ఊరుకున్నారు కాబట్టి, లక్ష్మణధారను ఉత్తరప్రదేశ్ వరకు రిజిస్టర్ చేసుకోనిచ్చింది.

గెలవని సందర్భమూ ఉంది. అమలాపురం వైపు ఒక చిన్న స్వీట్ల కొట్టుకు మా పేరుకు దగ్గర పేరే ఉంది. ఆ పెద్దాయన మాకన్నా ముందు నుంచీ వాడుతున్నారు. అలాంటివాళ్ళను సర్టిఫికెట్ చూపించి ఆపలేమని 34వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. అదీ న్యాయమే అనిపిస్తుంది నాకు. ఆయన దగ్గరకు పచ్చడి కోసం వెళ్ళినవాళ్ళకు మా ఫోన్ నంబరు ఇస్తుంటారు.

రెన్యువల్ మీద ఒక ఫిర్యాదు. దరఖాస్తుకు చిన్నవాళ్ళకు సగం ఫీజు పెట్టినవాళ్ళు రెన్యువల్‌కు ఆ రాయితీ ఇవ్వలేదు. ఎవరైనా ఆన్‌లైన్‌లో క్లాసుకు 9,000 కట్టాల్సిందే, మాకు రెండు క్లాసులకు 18,000 అయింది. పదేళ్ళు లెక్కించేది సర్టిఫికెట్ తేదీ నుంచి కాదు, దరఖాస్తు తేదీ నుంచి. మాలాగా అపోజిషన్‌లో ఏళ్ళు పోయినవాళ్ళకు సర్టిఫికెట్ వచ్చాక మిగిలే కాలం తక్కువే. గడువుకు ఏడాది ముందు నుంచీ కట్టొచ్చు, దాటితే ఆరు నెలల దాకా జరిమానాతో కట్టొచ్చు.

అమెరికాలో మా కస్టమర్లు "ఇక్కడ కూడా మీ పేరు రిజిస్టర్ చేయించండి" అంటుంటారు. మన సర్టిఫికెట్ మన దేశం దాటి పనిచేయదన్నది నిజమే. వేరే దేశాల్లో మార్కుల రిజిస్ట్రేషన్‌కు వీలు కల్పించే మాడ్రిడ్ ప్రోటోకాల్‌లో భారత్ 2013లో చేరింది కాబట్టి ఇక్కడి రిజిస్ట్రేషన్ ఆధారంగానే అక్కడికీ దరఖాస్తు వేయొచ్చు. ఇప్పటికి అక్కడికి వెళ్ళేవి బంధువులు కొరియర్‌లో పంపుకునే సీసాలే. ఏదైనా ఇండియన్ స్టోర్ నుంచి నిలకడగా ఆర్డర్లు వస్తే అప్పుడు వేస్తాను.