ప్రశ్నల షీటా, సొంత మాటల్లో చెప్పించడమా?

పన్నెండేళ్లు దాటినా చదివింది అర్థంకాని పిల్లలకు రోజూ 10 నిమిషాలు కేటాయించామనుకుందాం. ఆ సమయాన్ని దేనికి వాడాలన్నదే పేచీ.

ప్రశ్నల షీటంటే 150 మాటల పేరా, కింద నాలుగైదు ప్రశ్నలు. దిద్దడం తేలిక, తరగతి మొత్తానికి ఒకేసారి ఇవ్వొచ్చు. చిక్కల్లా, చాలామంది పేరా చదవరు. ప్రశ్నలోని మాట ఎక్కడుందో వెతికి ఆ వాక్యం ఎత్తి రాసేస్తారు. మార్కులు వస్తాయి, అర్థం రాదు. రెండు ప్రశ్నలైనా ‘ఎందుకు’, ‘నీకెలా తెలిసింది’ అని ఉంటే ఈ దొంగదారి కొంత మూసుకుంటుంది.

చెప్పించడంలో అదే పేరాను మూడు ముక్కలు చేస్తాం. ఒక్కో ముక్క చదవగానే కాగితం బోర్లించి రెండు వాక్యాల్లో చెప్పమనాలి. తడబడిన చోటే మళ్లీ చదివించాలి. మాట తెలియకా, లేక ‘అతను’ అంటే ఎవరో అంతుపట్టకా అన్నది అక్కడే బయటపడుతుంది. షీటు ఆ సంగతి చెప్పదు. ఇద్దరిద్దరిని జతచేస్తే పెద్ద తరగతిలోనూ నడుస్తుంది. అందరి ముందూ చెప్పమంటే మాత్రం ఈ వయసువాళ్లు నోరు మెదపరు.

మా ఓటు వారంలో నాలుగు రోజులు చెప్పించడానికి, ఒక రోజు షీటుకి. ఏది ఎంచుకున్నా భాష తేలికగా ఉండాలి గానీ విషయం చంటిపిల్లలది కాకూడదు. వందలో పది మాటలకు మించి తెలియకపోతే ఆ పేరా పక్కన పెట్టేయడమే.