పచ్చి తిండికి అగ్గువ డీహైడ్రేటర్: మూడేళ్ల వాడకం తర్వాత

వండని ఆహారం కోసం డీహైడ్రేటర్ (వేడి గాలితో తిండిని ఎండబెట్టే యంత్రం) కొనేవాళ్లు ముందు వాట్లు, ట్రేల సంఖ్య చూస్తారు. చూడాల్సింది వేరే. డయల్‌ను 46 డిగ్రీల దగ్గర పెడితే లోపల గాలి కూడా 46 దగ్గరే నిలుస్తుందా? పచ్చి తిండి వాళ్లు సాధారణంగా 46–48 దాటనివ్వరు. అగ్గువకు వచ్చే యంత్రాలు తప్పేది సరిగ్గా అక్కడే.

వరంగల్‌లో మా ఇంట్లో మూడేళ్లుగా రెండు రకాలు నడుస్తున్నాయి. ఒకటి గుండ్రటి ప్లాస్టిక్ ట్రేలు ఒకదానిపై ఒకటి పేర్చేది, ఫ్యాన్ అడుగున ఉంటుంది, నాలుగు వేల లోపు వచ్చింది. రెండోది ఆరు ట్రేల పెట్టె, ఫ్యాన్ వెనక ఉంటుంది, ధర రెండింతల పైనే. గుండ్రటి దానిలో డయల్ 45 మీద ఉంటే అడుగు ట్రే దగ్గర 56, పై ట్రే దగ్గర 41 చూపించింది. అంటే కింద ఉన్నవి ఉడుకుతాయి, పైన ఉన్నవి పులుస్తాయి. రెండు గంటలకోసారి ట్రేలు కిందికీ పైకీ మార్చాల్సిందే. టమాట, మామిడి రసం నేరుగా మోటారు మీద కారడం దీనికున్న ఇంకో జబ్బు. టమాట ముక్కలకు గింజల గుజ్జు తీసి, కొంచెం ఉప్పు పట్టించి, అరగంట జల్లెడలో వడకట్టాకే పేర్చాలి. వెనక ఫ్యాన్ పెట్టెలో గాలి ట్రేల మధ్యగా అడ్డంగా పోతుంది కాబట్టి పైకీ కిందికీ మూడు డిగ్రీలకు మించి తేడా రాలేదు. పచ్చి తిండికే అయితే ఆ అదనపు డబ్బు పెట్టండి. కరివేపాకు, పుదీనా, మిర్చి మాత్రమే ఎండబెట్టేవాళ్లకు గుండ్రటిది చాలు.

ఏది కొన్నా మొదటి రోజే పరీక్ష చేయాలి. వైరు ఉన్న డిజిటల్ థర్మామీటర్ మొనను మధ్య ట్రేలో పెట్టి, యంత్రాన్ని ఖాళీగా గంటసేపు నడిపి, ఆ తర్వాత ఐదు నిమిషాలకోసారి అంకె రాసుకోండి. హీటర్ ఆగి ఆగి వెలుగుతుంది కాబట్టి కొంత ఊగడం మామూలే. 43–48 మధ్య ఊగితే పర్వాలేదు. 40–53 అయితే డయల్ తగ్గించి, సరిపోయిన చోట మార్కర్‌తో గీత పెట్టుకోవాలి. యంత్రం మీద అచ్చు వేసిన అంకెల కంటే ఆ గీతనే నమ్మాలి.

మన దగ్గర ఎండకాలంలో యంత్రం పెద్దగా అక్కర్లేదు. మే నెలలో ఇంట్లోనే 40 దాటుతుంది, ఆకుల కోసం 35 మీద పెట్టడానికి అర్థమే లేదు. అప్పుడు డాబా మీద నులక మంచం వేసి, పలుచటి పాత చీర పరిచి, పైన ఇంకో చీర కప్పితే మామిడి ఒరుగులు రెండు మూడు రోజుల్లో అవుతాయి. స్లాబు మీద నేరుగా పరిస్తే మాత్రం అడుగు వైపు వేడి 46 దాటిపోతుంది. యంత్రం పనికొచ్చేది ముసురు పట్టినప్పుడు. 28 డిగ్రీల్లో 85 శాతం తేమ ఉన్న గాలిని 46కు వేడి చేస్తే దాని తేమ దాదాపు 32 శాతానికి పడిపోతుంది. అందుకే వానకాలంలోనూ ఎండుతాయి, కాకపోతే నాలుగైదు గంటలు ఎక్కువ పడుతుంది. గది తలుపులన్నీ మూసి నడిపితే యంత్రం వదిలిన తేమనే మళ్లీ పీల్చుకుంటుంది. ఒక కిటికీ తెరిచి పెట్టాలి.

ముక్క మందం 4 మిల్లీమీటర్లు దాటొద్దు. నిండా పేర్చి మొదటి నుంచీ 46 మీదే పెడితే ముక్కలు గంటల తరబడి గోరువెచ్చగా, తడిగా ఉండిపోయి పులిసిన వాసన వస్తుంది. మొదటి గంట 55 మీద పెట్టి, తర్వాత 46కు దించితే ఆ బాధ ఉండదు. నీరు ఆవిరవుతున్నంతసేపు ముక్క గాలి కంటే చల్లగానే ఉంటుంది. గంట దాటితే మాత్రం పైపొర గట్టిపడి లోపలి తడి బయటికి రాదు. తక్కువ వేడికి క్రిములు చావవని కూడా గుర్తుంచుకోండి. మొలకలు వాసన మారితే ఎండబెట్టే ప్రయత్నం చేయకుండా పారేయాలి.

అవిసె రొట్టెలకు ఒక కప్పు గింజలు కప్పున్నర నీళ్లలో నాలుగు గంటలు నానితే జిగురు వస్తుంది. రెండు టమాటలు, చిన్న ఉల్లిగడ్డ, అర చెంచా ఉప్పు రుబ్బి అందులో కలపాలి. కారం తక్కువ, రంగు ఎక్కువ ఉండే చపాట మిర్చి ఒకటి వేస్తే ఎర్రగా బాగుంటాయి. బటర్ పేపర్ మీద 3 మిల్లీమీటర్ల మందం పరిచి, ఎనిమిది గంటలకు తిరగేసి పేపర్ ఊడదీసి, వట్టి జాలీ మీద ఇంకో ఆరు గంటలు ఉంచాలి. తిరగేయకపోతే అడుగు జిగటగానే ఉండిపోతుంది, మూడో రోజుకు బూజు పడుతుంది.

కరెంటు గురించి రెండు మాటలు. 400 వాట్ల యంత్రం 14 గంటలకు ఎంత కాల్చినా 5.6 యూనిట్లు దాటదు, హీటర్ ఆగుతూ ఉంటుంది కాబట్టి అంతకంటే తక్కువే. అసలు ఇబ్బంది కరెంటు పోయినప్పుడు. బటన్ల డిజిటల్ రకాల్లో చాలావరకు కరెంటు తిరిగొచ్చినా వాటంతటవి మొదలు కావు. రాత్రి పెట్టిన టమాటలు తెల్లారేసరికి పాడై ఉంటాయి. తిప్పే డయల్ ఉన్నది మళ్లీ నడుస్తుంది. కొనే ముందు దుకాణంలోనే ప్లగ్ పీకి పెట్టి చూడండి.

తీసిన వెంటనే ముక్క మెత్తగా అనిపిస్తుంది, పది నిమిషాలు చల్లార్చి విరిచి చూడాలి. అరటి, మామిడి తోలులా వంగాలి, నొక్కితే తడి రాకూడదు. ఆకులు నలిపితే పొడి కావాలి. గాజు సీసాలో ముప్పావు వంతు నింపి, వారం రోజులు రోజూ ఒకసారి కుదపండి. లోపలి గోడల మీద చెమ్మ కనిపిస్తే ముక్కలన్నీ తిరిగి ట్రేల మీదికి, ఇంకో మూడు గంటలు.